జర్మన్ తీర్పులను ఒక్క వాక్యంలో తేల్చేస్తే ఎలా? ల్యూట్ కేసు, ష్యూరిటీ కేసు మీద చర్చ

సింధూర_పరిశోధన
ప్రైవేటు ఒప్పందాల్లో ప్రాథమిక హక్కులకు చోటుందా అన్నది నా పీహెచ్‌డీ అంశం. జర్మనీ మీద ఒక అధ్యాయం తప్పనిసరిగా ఉండాలని మా గైడ్ అన్నారు. మన దేశంలో ఇదే అంశం మీద వచ్చిన వ్యాసాలు, థీసిస్‌లు చేతికందినవన్నీ ముందేసుకుని కూర్చున్నాను. అన్నిటిలోనూ ఒకటే వరస. 1958లో ల్యూట్ కేసులో జర్మన్ రాజ్యాంగ న్యాయస్థానం ప్రాథమిక హక్కుల ప్రభావం ప్రైవేటు చట్టం మీద కూడా ప్రసరిస్తుందని చెప్పింది అంటారు. ఆ ఒక్క వాక్యం అయిపోగానే దక్షిణాఫ్రికాకు వెళ్లిపోతారు. ల్యూట్ ఎవరు, కేసు వేసింది ఎవరు, ఓడింది ఎవరు, ఒక్కరూ రాయరు. ఒకరి ఫుట్‌నోటును ఇంకొకరు ఎత్తి రాసుకుంటూ వచ్చారని చూడగానే తెలిసిపోతుంది.
నాకు కోపం వస్తోంది. వాస్తవాలు తెలియకుండా సిద్ధాంతం ఎలా అర్థమవుతుంది? ఈ తీర్పులను నిజంగా చదివినవారు ఇక్కడ ఎవరైనా ఉంటే చెప్పండి. నాకు జర్మన్ రాదు. రాకుండా ఈ అధ్యాయం రాయడం న్యాయమేనా, అది కూడా చెప్పండి.

గోదావరి_వకీలు
ల్యూట్ సంగతి నేను చెబుతాను. ఎరిక్ ల్యూట్ హాంబుర్గ్ నగర ప్రభుత్వంలో పత్రికా విభాగం అధిపతి. వైట్ హార్లాన్ అనే దర్శకుడు 1940లో నాజీల కోసం యూదుల మీద విషం కక్కే సినిమా తీశాడు. యుద్ధం ముగిశాక మానవత్వంపై నేరం చేశాడని అతని మీద కేసు నడిచింది, హాంబుర్గ్‌లోనే నిర్దోషిగా బయటపడ్డాడు. తర్వాత కొత్త సినిమాతో మళ్లీ తెర మీదికి రాబోయాడు. 1950 సెప్టెంబరులో సినిమా పరిశ్రమ వాళ్లు జరుపుకుంటున్న సభలోనే ల్యూట్ లేచి, ఈ మనిషి జర్మన్ సినిమాకు ముఖచిత్రం కావడానికి వీల్లేదన్నాడు. థియేటర్లు ఆ సినిమా ఆడించకూడదు, మంచి జర్మన్లు చూడకూడదు అని పిలుపునిచ్చాడు.
నిర్మాణ సంస్థ, పంపిణీ సంస్థ కోర్టుకెక్కాయి. జర్మన్ సివిల్ కోడ్‌లో 826వ సెక్షన్ ఉంది. సదాచారానికి విరుద్ధంగా, కావాలని ఎదుటివారికి నష్టం కలిగిస్తే బాధ్యత వహించాలి. బహిష్కరణ పిలుపు దాని కిందికి వస్తుందని 1951లో హాంబుర్గ్ కోర్టు ల్యూట్ నోరు కట్టేసింది. ఆయన రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లాడు. 1958 జనవరి 15న గెలిచాడు.

మొదటి_బెంచి
అయితే సినిమా కంపెనీ ఆయన వాక్ స్వాతంత్ర్యాన్ని ఉల్లంఘించిందని తేలిందన్నమాట.

గోదావరి_వకీలు
కాదు మొదటి_బెంచి గారూ, అందరూ తడబడేది అక్కడే. ల్యూట్ ఫిర్యాదు సినిమా కంపెనీ మీద కాదు, హాంబుర్గ్ కోర్టు తీర్పు మీద. కోర్టు అంటే రాజ్యంలో భాగమే. 826లోని సదాచారం అనే మాటకు అర్థం చెప్పేటప్పుడు, మాట్లాడే హక్కు రాజ్యాంగంలో ఉందన్న సంగతిని సివిల్ జడ్జి లెక్కలోకి తీసుకోలేదు. తప్పు ఆ జడ్జిది. కంపెనీ వాళ్లు రాజ్యాంగాన్ని ఉల్లంఘించారని ఆ తీర్పులో ఎక్కడా లేదు.

సింధూర_పరిశోధన
ఈ నాలుగు ముక్కలు నేను చదివిన ఏ థీసిస్‌లోనూ లేవు. కృతజ్ఞతలు.

హైడెల్‌బర్గ్_నుంచి
వకీలు గారు చెప్పినదానికి వెనక ఉన్న గొడవ కూడా తెలియాలి. 1950ల్లో జర్మనీలో రెండు పక్షాలు. సమాఖ్య కార్మిక న్యాయస్థానం మొదటి అధ్యక్షుడు హాన్స్ కార్ల్ నిప్పర్డై ఒక పక్షం. యజమాని అయినా, సంఘం అయినా, బలం ఉన్న ఎవరి మీదనైనా ప్రాథమిక హక్కులు నేరుగా పని చేయాలన్నాడు. ఆయన కోర్టు అలాగే తీర్పులిచ్చింది కూడా. న్యాయ ప్రొఫెసర్ గ్యుంటర్ ద్యూరిగ్ రెండో పక్షం. అలా చేస్తే ఇద్దరు పౌరుల మధ్య ఒప్పందానికి అర్థమే ఉండదు, సివిల్ కోడ్‌లో సదాచారం, సద్భావన లాంటి విశాలమైన మాటలున్న సెక్షన్ల ద్వారానే రాజ్యాంగం లోపలికి రావాలి అన్నాడు. 138, 242, 826 అలాంటి సెక్షన్లు. ల్యూట్ తీర్పు ద్యూరిగ్ దారి పట్టింది.
సివిల్ కోడ్ 1900 జనవరి 1న అమల్లోకి వచ్చింది. చక్రవర్తి కాలంలో పుట్టి, వైమార్ గణతంత్రాన్ని, హిట్లర్‌ను, దేశ విభజనను దాటుకుని ఇంకా నడుస్తోంది. రాజ్యాంగం 1949లో వచ్చింది. తర్వాత వచ్చిన రాజ్యాంగం ముందున్న కోడ్‌ను ఎంతవరకు మార్చగలదు? సివిల్ లా ప్రొఫెసర్లు ఇప్పటికీ ఈ ప్రశ్న దగ్గర గుర్రుమంటూనే ఉంటారు. మా దగ్గర సెమినార్‌లో కూర్చుంటే ఎవరు ఏ పీఠం నుంచి వచ్చారో మొదటి ప్రశ్నలోనే తెలిసిపోతుంది!

368వ_అధికరణ
సింధూర గారూ, ల్యూట్ ఒక్కటే చాలదు. ఆ కేసులో ఒప్పందమే లేదు. మీ అంశానికి అసలైన కేసు 1993 నాటి ష్యూరిటీ కేసు. దాన్ని మన దగ్గర దాదాపు ఎవరూ ముట్టుకోరు.

సింధూర_పరిశోధన
పేరు మాత్రం విన్నాను. వివరాలు తెలిసినవారు చెప్పండి, దయచేసి వాస్తవాలతో.

హైడెల్‌బర్గ్_నుంచి
1982. ఒక వ్యాపారి తన బ్యాంకు అప్పు పరిమితిని 50,000 మార్కుల నుంచి లక్ష మార్కులకు పెంచమన్నాడు. బ్యాంకు ఆయన కూతురి ష్యూరిటీ అడిగింది. ఆ అమ్మాయి వయసు 21. వృత్తి శిక్షణ లేదు, చాలాకాలం ఉద్యోగమూ లేదు, అప్పటికి ఒక చేపల ఫ్యాక్టరీలో పని చేస్తోంది. చేతికొచ్చేది నెలకు 1,150 మార్కులు. ఇక్కడ సంతకం పెట్టండి, దీనివల్ల మీ మీద పెద్ద భారమేమీ పడదు, నా ఫైలు కోసం కావాలి అన్న అర్థం వచ్చేలా బ్యాంకు ఉద్యోగి అన్నాడట. సంతకం పెట్టింది. తర్వాత తండ్రి ఓడల వ్యాపారంలోకి దిగి దెబ్బతిన్నాడు. 1986లో బ్యాంకు లక్ష మార్కులు, పైన వడ్డీ కూతురిని కట్టమంది.
కింది కోర్టు బ్యాంకు పక్షం. సెల్లెలోని అప్పీలు కోర్టు అమ్మాయి పక్షం. 1989లో బీజీహెచ్, అంటే సివిల్ కేసుల్లో చివరి మెట్టు, మళ్లీ బ్యాంకు పక్షం. మేజరైన మనిషికి సంతకం పెడితే ఏమవుతుందో తెలిసే ఉంటుంది, బ్యాంకు విడమరిచి చెప్పనక్కర లేదు అన్నది వాళ్ల వాదన. 1993 అక్టోబరు 19న రాజ్యాంగ న్యాయస్థానం ఆ తీర్పును కొట్టేసింది. ఒక పక్షం బలం అంతా చెలాయిస్తూ, రెండో పక్షానికి నిర్ణయించుకునే సత్తా లేనప్పుడు, ఒప్పందంలోని బరువు మరీ అసాధారణంగా ఉంటే, సివిల్ జడ్జి కళ్లు మూసుకుని సంతకం ఉంది కదా అనడానికి వీల్లేదు, 138నీ 242నీ వాడి పరీక్షించి తీరాలి అంది.
అదే తీర్పులో భర్త కోసం ష్యూరిటీ ఇచ్చిన మరో స్త్రీ ఫిర్యాదు కూడా ఉంది. దాన్ని తోసిపుచ్చారు. ఇది కూడా రాయండి. ఆడవాళ్లు సంతకం పెడితే చెల్లదని కోర్టు అనలేదు.

విశ్రాంత_బ్యాంకరు
నేను పనిచేసిన రోజుల్లో నా టేబుల్ మీద ఇలాంటి కాగితాలు ఎన్నో నడిచాయి. కాబట్టి నా మాట కాస్త వినండి. ఆస్తి లేనివాడికి బ్యాంకు ఏం చూసి అప్పిస్తుంది? పక్కన నిలబడే మనిషిని చూసే కదా. రేపు కోర్టు ఆ మనిషి పేదవాడు, అతని సంతకం చెల్లదు అంటే, ఎల్లుండి నుంచి పేదవాడి తండ్రికి అప్పు పుట్టదు. జర్మన్ జడ్జీలు ఆ అమ్మాయిని కాపాడారు, బాగానే ఉంది. ఆమె లాంటి వెయ్యిమంది తండ్రులకు తలుపు మూశారు. సానుభూతి వేరు, అప్పు ఇవ్వడం వేరు.

పాలకొల్లు_బాబు
బ్యాంకరు గారూ, పక్కన నిలబడే మనిషికి ఏమవుతుందో కూడా చెప్పాలి కదా. మా బావ చిట్టీ పాడుకుంటే మా అన్నయ్య ష్యూరిటీ సంతకం పెట్టాడు. అన్నయ్య ప్రభుత్వ ఉపాధ్యాయుడు. ఆ చిట్టీ కంపెనీకి కావలసింది అదే, జీతం స్లిప్పు ఉన్న మనిషి. అక్కగారి మొగుడు అడిగితే కాదనే మొహం ఏ తమ్ముడికి ఉంటుంది? చదవడానికి కాగితం చేతికివ్వలేదు, పెన్సిలుతో గుర్తు పెట్టిన చోట్ల సంతకాలు చేయించుకున్నారు. బావ వాయిదాలు ఆపేశాడు. కోర్టు నుంచి ఉత్తర్వు నేరుగా అన్నయ్య హెడ్మాస్టరు గదికి వచ్చింది. తోటి మాస్టర్ల ముందు ఆయన తలెత్తుకోలేకపోయాడు. అక్క పుట్టింటి గడప తొక్కడం మానేసింది. ఆ చేపల ఫ్యాక్టరీ అమ్మాయి కథ చదువుతుంటే నాకు మా ఇల్లే కనిపించింది.

వరంగల్_అడ్వకేట్
బాబు గారూ, మీ అన్నయ్య విషయంలో చట్టం ఏమిటంటే: 1872 కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం ష్యూరిటీ బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. ముందు అసలువాడి మీద పడాలి, ఆ తర్వాతే ష్యూరిటీ దగ్గరికి రావాలి అనే నియమం మనకు లేదు. బ్యాంక్ ఆఫ్ బీహార్ కేసులో సుప్రీంకోర్టు ఖరాఖండిగా చెప్పింది.
జీతం అటాచ్‌మెంట్‌కు, అంటే జప్తుకు, మాత్రం హద్దులున్నాయి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం మొదటి వెయ్యి రూపాయలూ, మిగిలినదానిలో మూడింట రెండు వంతులూ ముట్టుకోకూడదు. ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలు కోసుకున్నాక ఆ డిక్రీకి జీతం మీద హక్కు పోతుంది. చాలామంది ఉద్యోగులకు ఈ సంగతి తెలియక ఆ తర్వాత కూడా కోతలు పడుతుంటే ఊరుకుంటారు. అన్నయ్య గారి జీతపు కాగితాలు ఒకసారి చూసుకోండి.

పాలకొల్లు_బాబు
24 నెలల సంగతి ఇంతవరకు మాకెవరూ చెప్పలేదు మేడం. ఈ రోజే అన్నయ్యకు ఫోను చేస్తాను.

హైడెల్‌బర్గ్_నుంచి
జర్మన్ కోడ్‌లో ముందు అసలువాడి దగ్గరికి వెళ్లు అనే నియమం ఉంది, 771వ సెక్షన్. అయితే 773 ప్రకారం ష్యూరిటీ ఇచ్చినవాడు ఆ రక్షణ వదులుకోవచ్చు. బ్యాంకుల అచ్చు ఫారాల్లో వదులుకుంటున్నాను అని ముందే ఉంటుంది! కాబట్టి కోడ్ చదివి జర్మనీలో ష్యూరిటీకి భలే రక్షణ అని రాసేయకండి సింధూర గారూ. ఫారం కూడా చూడాలి.
బ్యాంకరు గారి ప్రశ్న గట్టిది. దానికి బీజీహెచ్ 1993 తర్వాత ఇచ్చిన జవాబు ఇది: దగ్గరి బంధువు ఆదాయంలో చట్టప్రకారం కోయదగిన భాగం కనీసం వడ్డీకి కూడా సరిపోకపోతే, ఆ సంతకం ప్రేమతో, మొహమాటంతో పెట్టిందేననీ, బ్యాంకు దాన్ని వాడుకుందనీ మొదట అనుకుంటారు. కాదని బ్యాంకు రుజువు చేసుకోవచ్చు. అప్పువల్ల ఆ బంధువుకే నేరుగా లాభం ఉందని చూపిస్తే ష్యూరిటీ నిలుస్తుంది. ఎవరికి అప్పివ్వాలో కోర్టు చెప్పడం లేదు. ఏ సంతకానికి విలువ లేదో చెబుతోంది. వడ్డీకి కూడా చాలని జీతం బ్యాంకుకు ఏ రకంగా భద్రత?

విశ్రాంత_బ్యాంకరు
ఈ ప్రశ్నకు సూటిగా జవాబిస్తాను. ఆ సంతకం డబ్బు కోసం కాదు. ఆస్తిని కూతురి పేరున మార్చేసి చేతులెత్తేస్తాడేమోనని. కుటుంబం మొత్తం కట్టుబడి ఉండాలని.

హైడెల్‌బర్గ్_నుంచి
అక్కడి బ్యాంకులు కూడా సరిగ్గా ఇదే చెప్పాయి. బీజీహెచ్ కొంతకాలం విన్నది కూడా. తర్వాత, ఆస్తి బదిలీ భయమే కారణమైతే ఆ మాట ఒప్పందంలో రాయండి, ఆస్తి చేతులు మారితేనే ష్యూరిటీని అడుగుతామని రాయండి అంది. 1999 నుంచి కుదిరిన ఒప్పందాలకు అలా రాసి ఉండాల్సిందే.

విశ్రాంత_బ్యాంకరు
ఇది సబబుగా ఉంది. అప్పుడు సంతకం పెట్టేవాడికి కూడా తను దేనికి నిలబడుతున్నాడో తెలుస్తుంది. కానీ ఈ పని కోర్టు చేయాలా, శాసనసభ చేయాలా అన్న నా అభ్యంతరం అలాగే ఉంది.

వరంగల్_అడ్వకేట్
మన కాంట్రాక్టు చట్టంలో 16వ సెక్షన్ ఉంది కదా, అనుచిత ప్రభావం. ఇష్టాన్ని లొంగదీసుకునే స్థానంలో ఉన్నవాడు ఆ స్థానాన్ని వాడుకుంటే ఒప్పందం రద్దు చేయించుకోవచ్చు. రాజ్యాంగం దాకా వెళ్లకుండానే పని జరగాలి. జరగడం లేదు. తండ్రి ఒత్తిడి చేశాడని కూతురు రుజువు చేసినా, బ్యాంకు నాకేం సంబంధం అంటుంది. బ్యాంకుకు ఆ సంగతి తెలుసని మళ్లీ రుజువు చేయాలి. ఆ రెండో మెట్టు మీదే మా కేసులన్నీ కూలిపోతాయి.
1986లో సెంట్రల్ ఇన్‌లాండ్ వాటర్ ట్రాన్స్‌పోర్ట్ కేసులో సుప్రీంకోర్టు అసమాన బేరం గురించి బాగా మాట్లాడింది. మూడు నెలల నోటీసుతో పర్మనెంటు ఉద్యోగిని తీసేసే నిబంధన 23వ సెక్షన్ ప్రకారం ప్రజా విధానానికి విరుద్ధమంది. కానీ అక్కడ యజమాని ప్రభుత్వ సంస్థ. ఇద్దరు ప్రైవేటు వాళ్ల మధ్య ఆ మాటలను ఎంతవరకు లాగవచ్చన్నది తేలలేదు. సింధూర గారి అధ్యాయం ఇక్కడ మొదలు కావాలని నా అభిప్రాయం.

368వ_అధికరణ
2023 జనవరి 3న సుప్రీంకోర్టు ఇచ్చిన కౌశల్ కిషోర్ తీర్పును మర్చిపోతున్నారు. 19, 21 అధికరణాల హక్కులను, అంటే వాక్ స్వాతంత్ర్యం లాంటి స్వేచ్ఛలనూ జీవించే హక్కునూ, రాజ్యం కాని వ్యక్తుల మీద కూడా అమలు చేయవచ్చని అయిదుగురిలో నలుగురు చెప్పారు. జస్టిస్ నాగరత్న ఒక్కరే కాదన్నారు. మనం ద్యూరిగ్‌ను దాటి నిప్పర్డై దగ్గరికి వెళ్లిపోయాం!

గోదావరి_వకీలు
వెళ్లాం సరే, దారి చూసుకుని వెళ్లామా? నేరుగా అమలు చేయవచ్చంటే ఏ కోర్టులో, ఏ పిటిషనుతో, ఏ పరిహారం కోసం? రెండు వైపులా హక్కులుంటే తూకం ఎలా వేయాలి? ఆ తీర్పు ఇవేమీ తేల్చలేదు. జర్మన్ల పద్ధతిలో నాకు నచ్చేది అదే. వాళ్లు పెద్ద మాట చెప్పి వదిలేయరు. సివిల్ జడ్జి చేతిలో ఇప్పటికే ఉన్న సెక్షన్ చూపించి, దీన్ని ఇలా చదువు అంటారు. పాలకొల్లులోని జూనియర్ సివిల్ జడ్జి రేపు ఉదయం వాడుకోగలిగేది అలాంటిదే.

మొదటి_బెంచి
నేను లా మూడో సంవత్సరం. ఇంత చదువుతుంటే నాకో సందేహం వచ్చింది. జర్మనీ గురించి మనం ఎందుకింత పట్టించుకోవాలి? మన చట్టాలు ఇంగ్లండు నుంచి వచ్చాయి కదా.

368వ_అధికరణ
మూడో సంవత్సరంలో కేశవానంద భారతి కేసు చదివే ఉంటారు, రాజ్యాంగాన్ని సవరించే అధికారానికి సుప్రీంకోర్టు హద్దు పెట్టిన తీర్పు. దాని వెనక ఒక జర్మన్ ఉన్నాడు. డీట్రిష్ కాన్రాడ్, హైడెల్‌బర్గ్‌లో దక్షిణాసియా అధ్యయన సంస్థలో న్యాయ విభాగం ఆయనది. 1965 ఫిబ్రవరిలో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో రాజ్యాంగ సవరణ అధికారానికి అంతర్లీనంగా ఉండే పరిమితుల మీద ఉపన్యాసం ఇచ్చాడు. మూడింట రెండు వంతుల మెజారిటీ ఉంటే 21వ అధికరణను తీసేయవచ్చా? దేశాన్ని మళ్లీ మొఘల్ చక్రవర్తికో బ్రిటిష్ రాణికో అప్పగించవచ్చా? ఇలాంటి ప్రశ్నలు వేశాడు. ఆ ఉపన్యాసం న్యాయవాది ఎం.కె. నంబియార్ చేతికి చేరింది, ఆయన దాన్ని సుప్రీంకోర్టులో ఇదే సవరణ అధికారం మీద నడిచిన గోలక్‌నాథ్ కేసులో వినిపించాడు.
1967 ఫిబ్రవరి 27న ఆ తీర్పు రాసింది ఎవరు? మన రాజమండ్రి కోకా సుబ్బారావు గారు. ఈ వాదనలో బలముంది, కానీ ఇప్పుడు తేల్చనక్కర లేదు అని పక్కన పెట్టి, ఆయన వేరే దారిలో వెళ్లారు. 1973 ఏప్రిల్ 24న కేశవానందలో అది మౌలిక స్వరూప సిద్ధాంతంగా, అంటే రాజ్యాంగపు మూల స్వరూపాన్ని ఏ సవరణా చెరపకూడదన్న సిద్ధాంతంగా, నిలబడింది. జస్టిస్ ఖన్నా కాన్రాడ్ మాటలను తీర్పులో ఉదహరించారు. 13 మందిలో ఆ వైపు నిలిచిన ఏడుగురిలో హైదరాబాదు జస్టిస్ పి. జగన్మోహన్ రెడ్డి గారు కూడా ఉన్నారు. ఎందుకు పట్టించుకోవాలో ఇక మీరే చెప్పండి.

చరిత్ర_చదువరి
ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. సవరణ అధికారానికి హద్దులున్నాయన్న వాదనను 1928లో జర్మనీలో గట్టిగా నిలబెట్టినవాడు న్యాయ సిద్ధాంతి కార్ల్ ష్మిట్. అప్పటి వైమార్ రాజ్యాంగానికి ప్రధాన వ్యాఖ్యాత గెర్హార్ట్ అన్‌ష్యుట్జ్ లాంటివాళ్లు, మెజారిటీ ఉంటే ఏదైనా మార్చవచ్చన్నారు. 1933లో ష్మిట్ నాజీ పార్టీలో చేరాడు, ఆ పాలనను సమర్థిస్తూ రాశాడు. అన్‌ష్యుట్జ్ అదే ఏడాది, ఈ కొత్త రాజ్యపు చట్టాన్ని విద్యార్థులకు మనస్ఫూర్తిగా బోధించలేనని తన పీఠం నుంచి స్వచ్ఛందంగా తప్పుకున్నాడు. ప్రజాస్వామ్యాన్ని కాపాడే సిద్ధాంతం చెప్పినవాడు దాన్ని చంపినవాళ్లతో కలిశాడు, కాపాడని సిద్ధాంతం చెప్పినవాడు నిలబడ్డాడు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. ఈ సంగతి లేకుండా జర్మన్ న్యాయ సిద్ధాంతం గురించి రాస్తే పైపూతే.

368వ_అధికరణ
ఒప్పుకుంటాను, కానీ దాని అర్థం సిద్ధాంతం చెడ్డదని కాదు. 1949 రాజ్యాంగం రాసినవాళ్లు 79వ అధికరణ మూడో ఖండంలో హద్దులను అక్షరాలా రాసి పెట్టారు. మానవ గౌరవం, ప్రజాస్వామ్యం, సమాఖ్య స్వరూపం ఎంత మెజారిటీ ఉన్నా ముట్టుకోకూడదు. ఎందుకు? 1933 మార్చిలో హిట్లర్‌కు శాసనాధికారం అప్పగించిన చట్టం మూడింట రెండు వంతుల మెజారిటీతోనే గెలిచింది కాబట్టి. వాళ్లు ష్మిట్‌ను చూసి రాయలేదు, అనుభవాన్ని చూసి రాశారు.

చరిత్ర_చదువరి
కమ్యూనిస్టు సభ్యులను జైళ్లలో పెట్టి, సభ చుట్టూ తుపాకులు నిలబెట్టి సంపాదించిన మెజారిటీ అది. రాజ్యాంగంలో హద్దు రాసి ఉంటే ఆగేదా? నాకు నమ్మకం లేదు. ఈ మాట దగ్గర మనిద్దరం ఎప్పుడూ కలవం అనుకుంటాను.

సింధూర_పరిశోధన
మీరిద్దరూ వాదించుకుంటూ ఉండండి, నేను రాసుకుంటూ ఉంటాను! మౌలిక స్వరూపం నా అధ్యాయంలోకి రాదు కానీ, జర్మనీ ఎందుకు అన్న ప్రశ్నకు పీఠికలో ఇంతకన్నా మంచి జవాబు నాకు దొరకదు. ఇక నా రెండో ప్రశ్నకు రండి. జర్మన్ భాష?

గోదావరి_వకీలు
భాష రాకుండా రాయకూడదు. కటువుగా ఉన్నా అంతే. తెలుగు రానివాడు మన ఇనాం భూముల మీద థీసిస్ రాస్తే ఒప్పుకుంటామా?

హైడెల్‌బర్గ్_నుంచి
నేను ఒప్పుకోను వకీలు గారూ. దాని మీద బతికేవాడికి భాష కావాలి. ఒక అధ్యాయానికి, తన హద్దు తెలుసుకుని రాసేవారికి, ఇంగ్లీషులో దొరికేది చిన్నదేమీ కాదు. రాజ్యాంగ న్యాయస్థానం తన ముఖ్యమైన తీర్పులను ఇంగ్లీషులో తన వెబ్‌సైటులోనే పెడుతుంది. రాజ్యాంగం, సివిల్ కోడ్ ఇంగ్లీషు అనువాదాలు న్యాయశాఖ సైటులో ఉచితం. జర్మన్ లా జర్నల్ 2000 నుంచి ఇంగ్లీషులో, ఉచితంగా వస్తోంది. జర్మన్ న్యాయ తత్వవేత్త రాబర్ట్ అలెక్సీ 1985లో రాసిన హక్కుల సిద్ధాంతానికి 2002లో ఇంగ్లీషు అనువాదం వచ్చింది. తూకం గురించి వకీలు గారు అడిగిన ప్రశ్నకు అక్కడ జవాబు వెతకవచ్చు.
రెండు జాగ్రత్తలు. జర్మన్ కేసులను కక్షిదారుల పేర్లతో వెతకకండి, తీర్పుల్లో పేర్లు తీసేస్తారు. ష్యూరిటీ కేసు రాజ్యాంగ న్యాయస్థానపు అధికారిక సంపుటాల్లో 89వ సంపుటి 214వ పేజీ దగ్గర మొదలవుతుంది, ల్యూట్ 7వ సంపుటి 198. అలా వెతకండి. ఇంకొకటి, సివిల్ కోడ్ మీద ప్రతి వకీలు బల్ల మీదా ఉండే లావుపాటి వ్యాఖ్యానాన్ని పాత వ్యాసాల్లో పాలాండ్ట్ అంటారు. ఆ ఓట్టో పాలాండ్ట్ నాజీ కాలంలో న్యాయ పరీక్షల విభాగం అధిపతి. ఎన్నో ఏళ్ల నిరసన తర్వాత 2021లో ప్రచురణ సంస్థ ఆ పేరు తీసేసింది, ఇప్పుడు గ్ర్యునెబర్గ్ అంటారు. రెండూ ఒకే గ్రంథం.

చరిత్ర_చదువరి
పేరు మార్చడానికి 2021 దాకా పట్టింది చూడండి.

హాంబుర్గ్_తెలుగు
ఆలస్యంగా చూశాను ఈ చర్చ. నేను లాయరును కాదు. మా అబ్బాయి ఇక్కడ చదువు కోసం వేరే ఊళ్లో గది తీసుకుంటే ఇంటి యజమాని మా దగ్గర ష్యూరిటీ సంతకం అడిగాడు. ఇక్కడ అది మామూలే. మా ఇంట్లో పెద్ద చర్చ జరిగింది, ఎందుకంటే మా మామగారు ఎవరికీ ష్యూరిటీ సంతకం పెట్టకూడదని ఒట్టు వేయించుకున్న మనిషి! అద్దెకు ఎంత భద్రత అడగవచ్చో చట్టంలో హద్దుందని తర్వాత తెలిసింది, మూడు నెలల అద్దె. ఆ మాట విన్నాక మామగారు కూడా సరే అన్నారు.

పాలకొల్లు_బాబు
మీ మామగారు బంగారం లాంటి మాట చెప్పారు. మా నాన్న కూడా అలాంటి ఒట్టు వేయించుకుని ఉంటే బాగుండేది.

వరంగల్_అడ్వకేట్
హద్దు ఉంటే ఒట్టు అవసరం లేదు, చట్టం చేయాల్సిన పని అదే. అద్దెకు హద్దు పెట్టిన కోడ్, 1993 దాకా కూతురి సంతకానికి హద్దు పెట్టలేదు. జర్మనీలో 1999 నుంచి వ్యక్తులకు దివాలా ద్వారా మిగిలిన అప్పు మాఫీ అయ్యే దారి కూడా ఉంది, ఇప్పుడు మూడేళ్లలో బయటపడవచ్చు. అంతకుముందు ఆ చేపల ఫ్యాక్టరీ అమ్మాయికి మిగిలింది జీవితాంతపు అప్పు. రాజ్యాంగ న్యాయస్థానం ఎందుకు కలగజేసుకుందో అర్థం కావాలంటే ఈ నేపథ్యం కావాలి. మన దగ్గర దివాలా కోడ్ 2016లో వ్యక్తుల కోసం రాసిన భాగాన్ని ఇప్పటికీ మామూలు మనిషికి వర్తింపజేయలేదు. కంపెనీల అప్పులకు ష్యూరిటీ ఉన్నవారి మీద మాత్రం 2019 డిసెంబరు నుంచి వాడుతున్నారు.

విశ్రాంత_బ్యాంకరు
ఈ చివరి సంగతి నన్ను ఆలోచనలో పడేసింది. నేను సర్వీసులో ఉన్నప్పుడు అప్పు తీసుకున్నవాడితో రాజీ చేసుకుని, ష్యూరిటీ సంతకం పెట్టినవాడిని వెంటాడిన ఫైళ్లు చూశాను. అది తప్పని అప్పుడూ అనిపించేది, పైకి రాసి పంపాను కూడా. కోర్టు ఎంతవరకు రావాలన్న విషయంలో నా మాట మార్చుకోను. కానీ సంతకం పెట్టే ముందు ఆ మనిషికి ఒక కాపీ చేతికివ్వాలి, ఎంత మొత్తానికి, ఎంతకాలానికి అన్నది అతని భాషలో ఉండాలి. ఈ రెండూ చేయడానికి ఏ రాజ్యాంగ సవరణా అక్కర లేదు.

సింధూర_పరిశోధన
బ్యాంకరు గారూ, 128 పెట్టే బాధ్యత అలా ఉంచి, మీ కాలం నాటి ష్యూరిటీ ఫారాల్లో కాంట్రాక్టు చట్టంలోని ఏ రక్షణలు వదులుకుంటున్నట్టు అచ్చు వేసేవారో గుర్తుంటే రాయగలరా? పేర్లు, బ్యాంకు వివరాలు ఏవీ వద్దు. జర్మన్ 773నీ మన ఫారాన్నీ పక్కపక్కన పెట్టి చూపించాలనుకుంటున్నాను. ల్యూట్‌ను రెండు పేజీలకు కుదించి, ష్యూరిటీ కేసుతో అధ్యాయం మొదలుపెడతాను.

విశ్రాంత_బ్యాంకరు
రాస్తాను. 133, 134, 135, 139, 141 సెక్షన్ల కింది హక్కులన్నీ వదులుకుంటున్నాను అని ఒకే పేరాలో, చీమల బారులాంటి అక్షరాల్లో ఉండేది. అప్పు షరతులు మార్చినా, అసలువాడికి గడువు పెంచినా, అతన్ని వదిలేసినా, బ్యాంకు తన దగ్గరున్న తాకట్టును పోగొట్టుకున్నా ష్యూరిటీ మాత్రం కట్టుబడే ఉంటాడని దాని అర్థం. దాన్ని చదివి వినిపించమని అడిగినవాళ్లు నాకు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా తగల్లేదు. పాత నమూనా ఒకటి ఇంట్లో ఉండాలి, వెతికి బ్యాంకు పేరు కొట్టేసి ఇక్కడే పెడతాను.

వరంగల్_అడ్వకేట్
పెట్టండి సార్. 141 వదులుకోవడం గురించి నా దగ్గర ఒక కేసు నడుస్తోంది, నాకూ కావాలి.